బిగి తగ్గిన చోటు

బొగ్గు బాయిలో పైకప్పు కొట్టి చూసేవాడు అందరికంటే ముందు లోపలికి పోతాడు. ఒక్కడే పోతాడు. చేతిలో పొడుగాటి కర్ర ఉంటుంది. దాని కొసకు ఇనుము తొడుగుతారు. దానితో తలపైన రాతిని తట్టి, చెవి పెట్టి వింటాడు. గట్టిగా మోగితే మిగతావాళ్ళను రమ్మంటాడు. డొల్లగా పలికితే కింద దుంగలు నిలబెట్టేదాకా ఎవరినీ రానివ్వడు.

గుండేటి ఓదెలు బతుకంతా ఆ పనే చేశాడు. కాకెరవాడలో బొగ్గు గనిని బాయి అనే అంటారు. ఆ బాయిలో బొగ్గు అయిపోయాక మూసేశారు. కొన్నాళ్ళకు సైన్సువాళ్ళు వచ్చి అట్టడుగు గ్యాలరీని అడిగి తీసుకున్నారు. ఆకాశం నుంచి పడే కిరణాలు అంత లోతుకు రావు, కొలత శుభ్రంగా వస్తుందన్నారు. కప్పుకు సైన్సుతో పని లేదు. అది ఎప్పటిలాగే పగులుతుంది. అందుకని ఓదెలును, అతని జట్టును మళ్ళీ పనిలో పెట్టుకున్నారు.

సైన్సువాళ్ళలో స్వరూప ఒకతి. ఓదెలు భార్య కనకలక్ష్మికి చెల్లెలు. వాళ్ళ నాయన ఆ బాయిలోనే పోయాడు. ఆ బెంగతో తల్లి పోయింది. స్వరూపను అక్కా బావే పెంచారు. పొద్దున ఆమెను సైకిలు మీద బడి దగ్గర దించి, ఓదెలు షిఫ్టుకు పోయేవాడు. ఇప్పుడు ఆమె డాక్టర్ స్వరూప. లోపల పెట్టిన యంత్రం ఆమె గీసిందే. దాని అసలు పేరు పలకలేనంత పొడుగు. జట్టు దాన్ని సుత్తె అనేది.

ఒక ఆదివారం అక్క ఇంట్లో అందరూ అన్నానికి కూర్చున్నారు.

“నీ సుత్తె ఏం గొడుతది పిల్లా?” అని ఓదెలు అడిగాడు.

“నీళ్ళను గొడుతది బావా.”

“నీళ్ళు గొట్టనీకి గంత సుత్తెనా? మీ అక్కకు జెప్తే బట్టలుతికే కట్టెతోటి కొట్టకపోవునా?”

“ఈయనకు తినేటప్పుడు గూడ నేనే యాదికొస్త,” అంది కనకలక్ష్మి, చేప ముక్క ఇంకోటి వేస్తూ.

స్వరూప నవ్వి, కంచంలోంచి రెండు మెతుకులు తీసి ఒకదానికొకటి అంటించింది. “మామూలు నీళ్ళు గాదు బావా. భారజలం. గిట్ల ఒక ప్రోటాను, ఒక న్యూట్రాను పట్టుకొని ఉంటయ్. నీ ఒంట్ల, నా ఒంట్ల, గోడల, చుక్కలల్ల, అంతట గదే పట్టు. గది లేకుంటె ఏదీ నిలువది. గీ రెంటిది అన్నిటికంటె వదులు పట్టు. అందుకే దాన్ని తట్టి, ఎంత బిగి ఉన్నదో ఇంటున్నం.”

“గంతేనా? గట్లయితే నాది నీది ఒక్కటే పని. నీకు ఏసీ గది, నాకు బురద.”

“మారుదమా మరి?”

“వద్దు తల్లీ. ఏసీల నాకు దగ్గొస్తది.”

స్వరూప చేతిలో మెతుకులు విడిపోయాయి. ఆమె వాటిని తినేసింది.

ఆ బిగికి ఒక అంకె ఉంది. ఇక్కడ కొలిచినా, ఇంకో నక్షత్రంలో కొలిచినా, అదే దెబ్బకు అదే అంకె రావాలి. మొదటి ఏడాది అదే వచ్చింది. రెండో ఏడాది ఎండాకాలంలో అంకె చివర కాస్త తగ్గింది. కొట్టిన కొద్దీ తగ్గుతూ పోయింది. యంత్రం ఆపి, కొన్నాళ్ళు ఊరుకుని మళ్ళీ కొడితే, ఆపిన చోటు నుంచే మొదలైంది. పైకి ఎక్కలేదు.

ప్రయోగశాల డైరెక్టరు నరహరి గారు. మంచి మనిషి, నెమ్మదస్థుడు. స్వరూప ఆయన గదికి వెళ్ళి గ్రాఫు బల్ల మీద పరిచింది.

“అలసిపోయింది యంత్రం, స్వరూపా. లోకం కాదు,” అన్నాడాయన.

“లోకమే అయితే సార్? మనం కొట్టిన చోట పట్టు వదులైపోయి, అట్లాగే ఉండిపోతే?”

ఆయన గ్రాఫును తన వైపు తిప్పుకున్నాడు. “అట్లా అయితే యంత్రం ఆగి ఉన్నప్పుడు కూడా భారజలం తొట్టిలో ముడులు ఊడుతుండాలి. న్యూట్రాన్లు బయటికి వస్తుండాలి. వస్తున్నాయా?”

అది తెలియడానికి ఒకటే దారి ఉంది. న్యూట్రాన్లను లెక్కపెట్టే పరికరాలు యంత్రంతో పాటే నడుస్తాయి, యంత్రంతో పాటే ఆగుతాయి. అట్లా కట్టారు, కాబట్టి వాటితో తెలియదు. యంత్రం కొడుతున్నప్పుడు ఇనప గేటుకు దానంతట అదే తాళం పడుతుంది. లోపల ఎవరూ ఉండరు. అది ఆగాకే గేటు తెరుచుకుంటుంది. అప్పుడు ఓదెలు ముందుపోయి తొట్టి వెనకాల, పక్కల కప్పు తట్టి చూస్తాడు. తరవాత జట్టు పోతుంది. వాళ్ళందరికీ రొమ్ము మీద పెట్టుకోవడానికి బ్యాడ్జీలు ఇచ్చారు. కంటికి కనపడనిది ఏది తగిలినా బ్యాడ్జిలో గుర్తు పడుతుంది. అవి నెలనెలా పట్నం పోయి పరీక్షై వస్తాయి.

స్వరూప ఆ ఫలితాలన్నీ తెప్పించి చూసింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఓదెలుది మరీ శుభ్రంగా ఉంది.

ఆమెకు కాస్త సిగ్గేసింది. లోకం తన చేతిలో వదులైందనుకోవడం ఎంత గర్వం! యంత్రం అలసట కింద కొంత కలిపి, అంకెను సరిచేసి ప్రచురించింది. అందరూ మెచ్చుకున్నారు. ఆమె గీసిన యంత్రాన్నే ఇంకా పెద్దగా, పడమటి కొండల కింద ఒక సొరంగంలో కట్టడం మొదలుపెట్టారు. ఆ కొండ దిగువన ఒక ఊరుంది.

రెండేళ్ళు గడిచాక, వానలు మొదలయ్యే రోజుల్లో ఓదెలు వేపపుల్ల నములుతూ ఉమ్మితే రక్తం పడింది. పుల్ల గీసుకుందనుకున్నాడు. తరవాత చేతుల మీద నల్లని మచ్చలు లేచాయి. ఎక్కడా తగిలించుకోలేదు. మెట్లెక్కితే ఆయాసం. కనకలక్ష్మి అతన్ని తిట్టి, బతిమాలి, చివరికి చెల్లెలికి ఫోను చేసింది.

“సొరూపా, మీ బావ బువ్వ తింటలేడే. నేను జెప్తే ఇంటలేడు. నువ్వు జెప్పు.”

పట్నం ఆసుపత్రిలో ఎముకలో సూది పెట్టి చూశారు. మూలుగ ఎండిపోతోందన్నారు. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికగా అడిగింది. “ఏం పని చేస్తాడు? రేడియేషన్ ఉండే చోటా?”

జవాబు చెప్పింది స్వరూపే. “ఉంటుంది. కానీ ఈయన బ్యాడ్జి శుభ్రంగా ఉంది. ప్రతి నెలా నేనే చూశాను.”

డాక్టరమ్మ ఆ మాట రాసుకుని, పొగాకు గురించీ, పొలం మందుల గురించీ అడగసాగింది.

మర్నాడు అక్క చెప్పిందని బావ బూట్లు, అన్నం డబ్బా తేవడానికి స్వరూప దీపాల గదికి పోయింది. బాయిలోకి దిగే కార్మికులు టోపీ లైటు తీసుకునే గది అది. ఆఫీసర్లకు వేరే దారి, వేరే లిఫ్టు. ఇన్నేళ్ళలో ఆమె ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. చిన్నప్పుడు మాత్రం నాయన చెయ్యి పట్టుకుని వచ్చేది.

గోడకు పాత చెక్క ఉంది. వరసగా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో బ్యాడ్జి వేలాడుతోంది. తుడిచి పెట్టినట్టు మెరుస్తున్నాయి. పక్కనే జట్టులో పనిచేసే పోశం బల్ల మీద కూర్చుని, చీలమండకు కట్టు కట్టుకుంటున్నాడు.

“పోశం, ఇయ్యి ఈడ ఎందుకున్నయ్? మనోళ్ళు ఇయ్యాల దిగలేదా?”

“దిగిండ్రు మేడం. నాకే కాలు బెణికి నిలవడ్డ.”

“దిగితే బ్యాడ్జీలు ఈడ ఎందుకున్నయ్?”

పోశం ఆమెను వింతగా చూశాడు. “బిళ్ళ గద మేడం. బాయిల దిగేటోడు బిళ్ళ పైన వెట్టే దిగుతడు గద. లోపల ఏమన్నయితే ఎవడెవడు చిక్కిండో పైనున్నోళ్ళకు ఎట్ల తెలుస్తది? మా మేస్త్రి మొదటి దినమే జెప్పిండు, కొత్త బిళ్ళలచ్చినయ్, పాత మేకులకే వెట్టుండ్రి అని. దినాం బట్టతోటి తుడుస్తడు. మీరిచ్చిన సామాను ఖరాబు గావద్దని.”

స్వరూప ఒక బిళ్ళను మేకు నుంచి తీసింది. ఆ పద్ధతి ఆమెకు తెలియనిది కాదు. నాయన పోయిన రోజు జనం ఈ చెక్క ముందే గుంపుగా నిలబడ్డారు. అందరూ బిళ్ళలు తీసుకుపోయాక ఒక మేకుకు ఒకటి మిగిలింది. దాన్ని తీసి అక్క చేతిలో పెట్టింది ఓదెలే. ఇంత తెలిసి, బ్యాడ్జీలు పంచిన రోజు ఆమె పైన ఏసీ గదిలో ఉంది. పంచింది ఎవరో కుర్ర ఇంజనీరు. ప్రతి షిఫ్టుకూ తప్పకుండా పెట్టాలని చెప్పి పోయాడు. వాళ్ళు తప్పకుండా పెట్టారు.

ఆమె నరహరి గారి గదికి పరుగెత్తింది. చూసిందంతా చెప్పింది.

“బ్యాడ్జి ఒకటి లోపల పెడదాం సార్. యంత్రం ఆపే ఉంది కదా. కర్రకు కట్టి గేటులోంచి తొట్టి దాకా జరుపుదాం. ఒక్క రోజు చాలు.”

“ముందు మనుషులను పైకి రానీ,” అని ఆయన ఫోను అందుకున్నాడు.

మనుషులను పైకి రప్పించాడు. అక్కడితో ఆగలేదు. తెల్లారి స్వరూప బ్యాడ్జి పట్టుకుని వచ్చేసరికి బాయి పంపుల చప్పుడు లేదు. బాయిలో పంపులు ఆపితే ఊట తనంతట తనే పైకి వస్తుంది. అట్టడుగు గ్యాలరీ మునిగిపోయింది. తొట్టి, యంత్రం, గేటు, అన్నీ నీళ్ళ కింద.

“ఇంకెవరూ దిగకూడదు స్వరూపా. నీ బ్యాడ్జి పెట్టడానికైనా సరే, ఇంకో మనిషి దిగకూడదు,” అన్నాడాయన.  ఆమెకు ఆయన్ను తిట్టాలనిపించింది. తిట్టలేకపోయింది.

పడమటి కొండలవాళ్ళకు ఆమె అంతా చెప్పింది. యంత్రం నడపొద్దంది. వాళ్ళ కమిటీ మర్యాదగా విన్నది. మర్యాదగానే అడిగింది. బ్యాడ్జీలు పెట్టుకోలేదు సరే, పెట్టుకుంటే గుర్తు పడేదని ఎట్లా తెలుసు? జబ్బు పడింది ఒక్కడే కదా, పొగాకు నమిలేవాడట కదా? తొట్టి ఇనుములో గుర్తులుంటే అవి యంత్రం నడిచినప్పుడు పడినవి కావని ఎట్లా చెబుతారు? మీరే సరిచేసి ఇచ్చిన అంకెను మీరే కాదంటున్నారా? వానలు వెలిశాక యంత్రం మొదలవుతుంది. ఈలోగా రుజువుంటే తెండి.

రుజువు ఒక్కచోట ఉంది. యంత్రం నడిచేటప్పుడు ఎన్నడూ లోపల లేనిది, ఆగినప్పుడు మాత్రమే తొట్టి పక్కన నిలబడ్డది ఒక్కటే. ఓదెలు ఒళ్ళు. న్యూట్రాను తగిలిన సున్నం, అంటే కాల్షియం, ఇంకో రకం సున్నంగా మారుతుంది, పోకుండా ఉండిపోతుంది. పంటిలో సున్నం ఉంటుంది. జట్టులో మిగతావాళ్ళు చివర పోయి ముందు వచ్చేవాళ్ళు. వాళ్ళ పళ్ళలో ఆనవాలు దొరికేంత ఉండదు. ఓదెలు పన్ను ఒకటి చాలు.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. “రక్తం గడ్డకట్టే శక్తి ఆయనకు లేదు. పన్ను పీకితే ఆగదు. నేను చేయను. ఎవరూ చేయకూడదు.”

ఆసుపత్రి ఇక చేసేది లేదంది. ఓదెలును ఇంటికి తెచ్చారు. స్వరూప రోజూ వస్తోంది. మందులు చూస్తుంది, దుప్పటి సర్దుతుంది. ఒక రోజు మంచం పక్కన కూర్చుని కిటికీలోంచి మబ్బుల వంక చూసింది. వానలు ఎప్పుడు వెలుస్తాయా అని చూసింది. తరవాత బావ ముఖం చూసింది. తాను రెండింటినీ ఒకే లెక్కలో, వానలు వెలిసేలోగా బావ పోతే పన్ను తీసుకోవచ్చని, చూస్తున్నట్టు అప్పుడు తెలిసింది. లేచి పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది.

కనకలక్ష్మి చెంబుతో నీళ్ళు తెచ్చింది. “ఏందే? ఏం దాస్తున్నవ్?”

స్వరూప చెప్పేసింది. అంతా చెప్పింది. తన అంకె సంగతి, బ్యాడ్జీలను నమ్మిన సంగతి, పన్ను సంగతి.

కనకలక్ష్మి చెంబు కింద పెట్టింది. “నా మొగని పన్ను గావాల్నా నీకు?”

“వద్దక్కా. నేను అడుగుతలేను.”

“అడుగుతనే ఉన్నవ్. వచ్చిన కాడికెళ్లి నీ కండ్లు ఆయన నోటి మీదనే ఉన్నయ్. నేనేమో మా సొరూపకు బావంటే ఎంత పానమో అనుకుంటున్న.”

లోపలి నుంచి ఓదెలు పిలిచాడు. గొంతు సన్నగా వచ్చింది. “ఒర్లకుండ్రి. ఇనొస్తున్నది. ఇట్ల రాండ్రి ఇద్దరు.”

ఇద్దరూ పోయారు.

“అంటే పిల్లా, నువ్వు ముందుగాల అన్నదే నిజం. పట్టు వదులైంది.”

“నిజమే బావా.”

“మరి మంచిగనే లెక్కగట్టినవ్ గద. ఎందుకు దిద్దుకున్నవ్?”

ఆమె అతని కాళ్ళ మీద దుప్పటి సర్దింది. అతనే మళ్ళీ అడిగాడు. “ఇప్పుడు గా కింద ఎట్లున్నది? మళ్ళ బిగుస్తున్నదా, పెద్దగైతున్నదా?”

“తెల్వదు బావా. నీళ్ళు అన్నీ మింగుతయ్. తెల్వాల్నంటె మళ్ళ కొట్టాలె. కొడితే ఇంక వదులైతది.”

“గట్లయితే ముట్టద్దు,” అని అతను కళ్ళు మూసుకున్నాడు.

కనకలక్ష్మి అడిగింది. “గా పడమటి దిక్కు ఊళ్ళె, గా సొరంగంల పని జేసేటోళ్ళున్నరా?”

“ఉన్నరక్కా.”

“వాళ్ళకు జెప్పినవా?”

“చెప్పిన. పెద్దోళ్ళు నమ్మలేదు.”

 కనకలక్ష్మి స్టవ్ మీద జొన్న గటక మాడిపోతోందని లేచి పోయింది.

తరవాత రెండు రోజులు ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. మూడో రోజు పొద్దున స్వరూప వచ్చేసరికి ఓదెలు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నోట్లో వేళ్ళు పెట్టుకుని కింది దవడ పన్ను ఒకటి కదుపుతున్నాడు. చిగుళ్ళు చెడి అది ఎప్పటినుంచో ఊగుతోంది. చొక్కా మీద రక్తం. చేతుల్లో బలం లేదు, వేళ్ళు జారిపోతున్నాయి.

“బావా, వద్దు!” అని స్వరూప అతని చెయ్యి పట్టుకుంది.

“ఇడువు. నా నోరు, నా పన్ను. నీ సుత్తె పని గాదు గిది.”

కనకలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ఇప్పుడు ఆపితే సాయంత్రం మళ్ళ జేస్తడు. నేను కండ్లు మూసినంక జేస్తడు. ఈయన సంగతి నాకెర్క,” అంది. మంచం మీద అతని వెనక కూర్చుని, తలను తన రొమ్ముకు ఆనించుకుంది. “నోరు దెరువు. ఎంత రక్తం బోగొట్టుకుంటవ్ గిట్ల పీక్కొని? నీకు ఏ పనీ నాజూగ్గ రాదు.”

“నీకొస్తదా?”

“దినాం చేపలు తోముతలేనా?”

అతను నవ్వబోయాడు. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుని పన్ను పట్టుకుంది. ఒక్కసారే మెలితిప్పి లాగింది. దాన్ని చెల్లెలి వైపు చూడకుండా చేయి చాపి ఇచ్చింది. రెండో చేత్తో గుడ్డ ఉండ చేసి అతని దవడలో కుక్కి అదిమిపట్టింది. డాక్టరమ్మను పిలిచారు. రక్తం ఎక్కించారు. గుడ్డలు మారుతూనే ఉన్నాయి. కనకలక్ష్మి చేతులు మాత్రం ఆ దవడ మీద నుంచి తియ్యలేదు. తిను అన్నా తినలేదు, పడుకో అన్నా పడుకోలేదు.

వారం తిరగకముందే ఓదెలు పోయాడు. జట్టంతా వచ్చింది. పోశం కుంటుతూ పాడె పట్టాడు. నరహరి గారు దూరంగా రోడ్డు మీద నిలబడి, ఎవరూ పలకరించకముందే వెళ్ళిపోయాడు.

పన్ను దూరదేశంలో ఒక ప్రయోగశాలకు పోయింది. అటువంటి సున్నాన్ని ఒక్కొక్క రేణువుగా లెక్కపెట్టే చోటు అది. వానలు వెలిశాయి. ఎండ పొడిగా కాయడం మొదలైంది. ఒక మధ్యాహ్నం అక్క ఇంట్లో ఉన్నప్పుడు స్వరూపకు ఫోను వచ్చింది. వాకిట్లోకి పోయి మాట్లాడి వచ్చింది.

కనకలక్ష్మి పొయ్యి దగ్గర ఉంది. వెనక్కి తిరగలేదు. “ఏమన్నరు?”

“గుర్తున్నదట అక్కా. అనుకున్న దానికంటె ఎక్కువ. సొరంగంల యంత్రం ఆపిండ్రు. విప్పుతున్నరట.”

“మనుషులు?”

“అందర్ని పైకి దీసిండ్రు. ఒక్కరు గూడ దిగలేదింక.”

కనకలక్ష్మి తల ఊపింది. కంచం కడిగి తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది. అన్నం పెట్టింది, పప్పు పోసింది, మామిడికాయ తొక్కు వేసింది. ఎదురుగా కూర్చుంది. ఆమె తన కుడిచేతి వేళ్ళను చూసుకుంటోంది.

“మంచిగైంది,” అంది. “నువ్వు తప్పు జేసినవని నేనంట లేను. అది నాకు తెల్వది. నిన్ను చూస్తే మాత్రం నా చేతికి గా పన్ను తగులుతున్నది.”

“అక్కా…”

“తిను. కడుపు నిండ తిను. తిన్నంక పో. నేను పిలిచే దాక రాకు.”

స్వరూప అన్నం కలిపింది. కనకలక్ష్మి ఇంకో గరిటె పప్పు పోసింది.